నోరు లేని నంబరు

ముందుగా ఒక దిద్దుబాటు. మా వియ్యంకుడుగారు పోయారన్న వార్త కింద మీరందరూ మన తెలుగు సమాజం గ్రూపులో "నిద్రలోనే ప్రశాంతంగా వెళ్లిపోయారు" అని రాశారు. నిజానికి ఒకరు రాశారు, మిగిలినవాళ్లు దాని కింద చేతులు జోడించిన బొమ్మలు పెట్టారు. ఆయన నిద్రలో పోలేదు. పొద్దున్న టిఫిన్ దగ్గర, పూర్తి మెలకువలో, బీరకాయ తొక్కు పచ్చడిలో ఉప్పు తక్కువైందని కూతురికి చెప్పి, కుర్చీలో వెనక్కి వాలి పోయారు. ఆ పచ్చడి నేను చేసి పంపింది. ఉప్పు సరిపోయింది. ఆ మాట చెప్పే అవకాశం నాకు ఇవ్వకుండా వెళ్లిపోవడం, మా ఇన్నేళ్ల చుట్టరికంలో ఆయన చేసిన ఒకే ఒక్క అమర్యాద.

రెండో దిద్దుబాటు కాస్త పెద్దది. ఈ రాతంతా దానికోసమే. సంతాపసభలో మన కార్యదర్శి మైకు పట్టుకుని (కుర్రాళ్లు వియ్యంకుడుగారిని మాస్టారనే పిలుస్తారు), "మాస్టారు మన వంటసామాన్లకి నంబర్లు తగిలించి వెళ్లారు, మేము కొత్త యాప్‌లో ప్రతి పాత్రకీ తిరిగి పేరు ఇచ్చి ఆయన కల నెరవేరుస్తాం, పేరు లేనివి తీసేస్తాం" అన్నాడు. మీరు చప్పట్లు కొట్టారు. సంతాపసభలో చప్పట్లు కొట్టడం గురించి ఇంకోసారి మాట్లాడుకుందాం.

ఆయన కల అది కాదు. పేరు లేనిదంటూ మన సామాన్ల గదిలో ఉన్నది ఒక్కటే ఇత్తడి గుండిగ. దాని నంబరు ముప్పై ఏడు. దాన్ని పాత ఇత్తడి కింద ఎవరూ తూకానికి వెయ్యకుండా చూడటానికి ఇది రాస్తున్నాను.

కొత్తగా చేరినవాళ్ల కోసం కొంచెం వెనక్కి వెళ్లాలి. రాయపూర్‌లో మనవాళ్లకి ఒక అలవాటుంది. పెళ్లి జరిగితే ఆడపిల్లవారు సమాజానికి ఒక వంటపాత్ర ఇస్తారు. గుండిగో, గంగాళమో, శక్తి లేకపోతే ఒక గరిటో. పొట్ట మీద దంపతుల పేర్లు, ఇంటిపేరుతో సహా, చెక్కిస్తారు. ఎవరింట్లో భోజనాలున్నా ఆ పాత్రలే వెళ్తాయి. గదిలోంచి సామాను కదిలేటప్పుడు ఒకరు పేరు గట్టిగా చదివేవారు, ఇంకొకరు పుస్తకంలో రాసుకునేవారు. పొయ్యిల దగ్గరా అదే వరస. "ఫలానా వారి జంట గుండిగలో పప్పు పొంగుతోంది చూడండి!" "ఫలానా ముసలావిడ గంగాళంలో మజ్జిగ అయిపోయింది!" ఆ ముసలావిడ పోయి ఎన్నేళ్లో. అయినా మన పంక్తుల్లో ఇంకా మజ్జిగ పోస్తూనే ఉండేది. నాకు ఆ పద్ధతి నచ్చేది. ఇప్పటికీ నచ్చుతుంది.

ఆ గది బాధ్యత నాది. కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పి రిటైరైన కొత్తలో, ఇంత చదువుకుంది కదా గిన్నెలు చూసుకోగలదు అని కమిటీవారు నాకు అప్పగించారు. డిగ్రీలు వృథా పోలేదని సంతోషించాను.

అప్పటికి మా వియ్యంకుడుగారు నాకు ఏమీ కారు. రైల్వే ఆఫీసులో కంప్యూటర్ల విభాగంలో పనిచేసేవారనీ, భోజనాల్లో ఎప్పుడూ చివరి పంక్తిలో కూర్చుంటారనీ మాత్రమే తెలుసు. చివరికి వచ్చేసరికి పప్పు చిక్కబడుతుందని ఆయన లెక్క. ఒక్కతే కూతురు. ఆ అమ్మాయి పెళ్లికి సమాజానికి అంతకుముందు ఎవరూ ఇవ్వనంత పెద్ద గుండిగ ఇచ్చారు. పొట్ట మీద ఆ అమ్మాయి పేరు, అల్లుడి పేరు, అల్లుడి ఇంటిపేరు.

ఆ పెళ్లి నిలవలేదు. ఎందుకు నిలవలేదన్నది ఇక్కడ అనవసరం. అప్పట్లో మీ ఇళ్లలో చాలామందికి అది చాలా అవసరమైంది, నాకు గుర్తుంది. విడాకులయ్యాయి. అమ్మాయి తండ్రి దగ్గరికి వచ్చేసి ఉద్యోగంలో చేరింది. గుండిగ మాత్రం పాత పేర్లతోనే ఉండిపోయింది, ఊళ్లో ప్రతి విందుకీ వెళ్లివస్తూ.

ఆ ఏడు శ్రీరామనవమికి సమాజం హాల్లో ఆ అమ్మాయి పానకం పోస్తోంది. లోపల వంటలాయన కేకేశాడు: "అరే భాయీ, ఆ జంట గుండిగ ఇటు పట్టుకురండి, జల్దీ!" జంట అని ఊరుకోలేదు, పొట్ట మీదున్నదంతా చదివాడు. ఆ ఇంటిపేరు నేనిక్కడ రాయను. ఆయన తప్పు లేదు, మన పద్ధతే అది. అమ్మాయి గరిటె పక్కన పెట్టి కుళాయి దగ్గరికి వెళ్లింది. చేతులు చాలాసేపు కడుక్కుంది. ఆ చేతులకి ఏమీ అంటలేదు. చివరి పంక్తిలో ఆ తండ్రి కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకుంటూ కనిపించారు.

తర్వాత కొద్ది రోజులకే ఆయన సామాన్ల గదికి వచ్చారు.

"మేడమ్‌గారూ, ఈ సామాన్లన్నీ కంప్యూటర్‌లో పెడదామండీ."

"పెడితే అన్నం త్వరగా ఉడుకుతుందా?"

"ఉడకదండీ. కానీ ప్రతి పాత్రకీ ఒక నంబరు ఇవ్వాలి."

"ఇంత చక్కగా పేరు చెక్కించి ఉంటే నంబరెందుకు? ఇదేమన్నా జైలా?"

ఆయన కళ్లజోడు తుడుచుకున్నారు. ఆ తర్వాత ఇన్నేళ్లలో నేను తెలుసుకున్నదేమిటంటే, ఆయన కళ్లజోడు తుడుస్తున్నారంటే మన మాట కొట్టేస్తున్నారన్నమాట. కంప్యూటర్‌లో ఒక పట్టిక ఉంటుందనీ, అందులో ఒక్కో పాత్రకీ ఒక్కో వరుస అనీ, ఏ వరుసనైనా వేలు పెట్టి చూపించడానికి ఒక గుర్తు కావాలనీ చెప్పారు. దాన్ని కీ అంటారట. అది రెండింటికి ఒకటే కాకూడదు, ఖాళీగా ఉండకూడదు, ఎప్పటికీ మారకూడదు.

"అయితే పేరు పెట్టండి."

"పేరు మారుతుందండీ."

"గిన్నె పేరు ఎందుకు మారుతుంది?"

"గిన్నె మీద ఉన్నవి మనుషుల పేర్లే కదండీ."

అప్పుడు నాకు అర్థమైంది. అర్థమైంది కనుకనే గొంతు తగ్గించి అన్నాను: "ఆ ఒక్క గుండిగ మీద పేరు చెరిపించేద్దాం. ఎవరూ ఏమీ అనరు. దానికోసం గదికంతా నంబర్లెందుకు?"

"చెరిపిస్తే పుస్తకంలో ఆ పేరుతో రాసినవన్నీ ఏమవుతాయండీ? ఎక్కడికి వెళ్లింది, ఎప్పుడొచ్చింది, కళాయి ఎప్పుడు వేయించారు... అన్ని చోట్లా పేరు మార్చాలి. ఒక్క చోట మరిచిపోయామా, వెళ్లి తిరిగిరాని గుండిగ ఒకటి తయారవుతుంది." నా వంక చూడకుండా అన్నారు: "ఆ ఒక్కదానికే నంబరు ఇస్తే అందరూ దాన్నే చూస్తారు మేడమ్‌గారూ. అన్నింటికీ ఇస్తే ఎవరూ చూడరు."

అయినా నేను ఒప్పుకోలేదు. ఒక్క గుండిగ కోసం మిగిలిన ముసలమ్మలందరి చేతుల్లోంచి మజ్జిగ లాగేసుకోవడం నాకు న్యాయంగా కనిపించలేదు. ఆయన వాదన పెట్టుకోలేదు, మా ఇంటికి రావడం మొదలుపెట్టారు. బెల్లు ఒక్కసారే కొట్టి, గేటు బయటికి వెనక్కి వెళ్లి రోడ్డు మీద నిలబడేవారు, వచ్చింది ఎవరో కిటికీలోంచి చూసుకుని తలుపు తీసే వీలు మనకి ఉండాలని. అలా చూసుకుని తలుపు తీయకుండా ఊరుకున్న రోజులు కూడా ఉన్నాయి. మళ్లీ వచ్చేవారు.

మా ముందుగదిలో గోడకి, కాలేజీవాళ్లు పారేస్తుంటే నేను తెచ్చి అద్దం కట్టించుకున్న ఒక ఎండు తులసి మొక్క ఉంది. నొక్కి ఆరబెట్టి, అట్ట మీద కుట్టి, కింద చీటీలు అంటించినది. ఒకరోజు ఆయన దాని ముందు నిలబడ్డారు.

"దీనికి రెండు పేర్లున్నాయేమండీ?"

"మేము చదువుకునే రోజుల్లో ఓసిమమ్ సాంక్టమ్ అనేవాళ్లం. తర్వాత ఓసిమమ్ టెన్యుయిఫ్లోరమ్ అనాలన్నారు. పాత చీటీ పీకకూడదు, కొత్తది పక్కన అంటించాలి. అది పద్ధతి."

"మొక్క మారిందాండీ?"

"మొక్కెందుకు మారుతుంది? మన తెలివి మారింది."

"మరి పేరు మారిపోయాక, ఇది ఆ మొక్కేనని మీ కాలేజీలో ఎలా పట్టుకునేవారు?"

"మూల మీద నంబరుంది కదా, కనపడట్లేదా..." అని, ఆగిపోయాను.

ఆయన నవ్వలేదు. కళ్లజోడు జోలికి కూడా వెళ్లలేదు. "కాఫీ చాలా బాగుందండీ" అన్నారు. అప్పటికి నేను కాఫీ ఇంకా పెట్టనే లేదు.

గెలిచిన మనిషి అంత కంగారుగా ఇల్లు వదిలి వెళ్లడం నేను మళ్లీ చూడలేదు.

నంబర్లు వేసే రోజు సమాజం హాల్లో జరిగింది మాత్రం పెళ్లికి తక్కువ, ఎన్నికలకి ఎక్కువ. అప్పటి అధ్యక్షులవారు అందరికన్నా ముందొచ్చి కూర్చున్నారు.

"ఏటండీ బాబూ, మా నాన్నగారి గంగాళానికి నంబర్ వన్ ఇచ్చీండి. బస్, ఇంకేటీ అడగను."

"అధ్యక్షులవారూ, నంబరుకి అర్థమేమీ ఉండదండీ."

"అర్థం లేనిదాన్ని ఇవ్వడానికి మీకింత బాధేటి? ఇచ్చీండి మరి!"

ఇది గట్టి మాటే. నేను మా వియ్యంకుడుగారి వంక ఆసక్తిగా చూశాను. ఆయన కళ్లజోడు తుడిచి, "ఇచ్చాననుకోండి. రెండో నంబరు వచ్చినవారు మేమెందుకు రెండు అని అడుగుతారు. వాళ్లకి మీరు జవాబు చెబుతారా?" అన్నారు. అధ్యక్షులవారు ఆలోచించి, "వద్దు బాబూ, అది ఎవరికొస్తుందో, వాళ్లావిడ నోరు ఎలాటిదో" అని వెనక్కి తగ్గారు.

ఒకరికి అంకెలు కూడితే తొమ్మిది రావాలి. ఇంకొకరికి ఎనిమిది ఇంటిని తగలెడుతుందని ఎవరో చెప్పారు. బ్యాంకులో పెద్ద ఉద్యోగం చేసే ఒకాయన, నంబరు కాదు, తెలివైన కోడు పెట్టాలన్నాడు. ఇచ్చినవారి కాలనీ, పాత్ర సైజు, లోహం, అన్నీ కలిపి: 'దేవేంద్ర-పెద్ద-ఇత్తడి-నాలుగు'. చూడగానే సర్వం తెలిసిపోతుందన్నాడు. అందరూ ఆహా అన్నారు, నేను కూడా.

"వాళ్లు దేవేంద్ర నగర్‌లో ఇల్లు అమ్మేసి శంకర్ నగర్ వెళ్తే, గుండిగ కూడా ఇల్లు మారాలాండీ?" అన్నారు మా వియ్యంకుడుగారు. బ్యాంకాయన కాఫీ తాగడానికి వెళ్లాడు.

చివరికి గదిలోంచి ఏది ముందు బయటికొస్తే దానికి ముందు నంబరు అని తేల్చారు. పాత్రలు బయటికి లాగే పని మా అబ్బాయిది. ముప్పై దాటినా పెళ్లి వద్దంటూ నా ప్రాణం తీస్తున్న రోజులవి, బరువు పని చేయిస్తే కోపం తగ్గుతుందని నేనే పిలిచాను. వాడు చీకట్లో చెయ్యి పెట్టి మొదట లాగింది కాడ వంకరపోయిన ఒక జల్లిగరిటె. దాని మీద పేరున్న జంట ఎవరో ఇప్పుడు ఎవరికీ తెలియదు. మన సమాజంలో ఒకటో నంబరు ఈరోజుకీ దానిదే. అధ్యక్షులవారి నాన్నగారు యాభైలలో ఎక్కడో ఉన్నారు.

మా అబ్బాయి అంకెల ఉక్కు అచ్చు పెట్టి సుత్తితో కొట్టి అంచు మీద అంకె వేసి, పైకి చెబుతున్నాడు. వియ్యంకుడుగారి అమ్మాయి కంప్యూటర్ ముందు కూర్చుని ఎక్కిస్తోంది. పొట్ట మీద పేరు కూడా చదివి చెప్పాలి, అదీ పట్టికలోకి వెళ్లాలి. అలా చదువుతూ చదువుతూ వాడు ఆ పెద్ద గుండిగ దగ్గరికొచ్చాడు. పేర్లు వాడి ముఖానికి ఎదురుగా ఉన్నాయి, అంగుళమేసి అక్షరాలు. హాలంతా ఒక్కసారి సర్దుకుని కూర్చుంది. మనవాళ్లు అలాంటి సమయాల్లో ఎంత శ్రద్ధగా ఉంటారో మీకు తెలుసు.

వాడు మూడు కొట్టాడు, ఏడు కొట్టాడు. "ముప్పై ఏడు" అన్నాడు. పేరు చదవలేదు.

అమ్మాయి ఒక్క క్షణం చేతులు ఆపింది. తర్వాత ఎక్కించింది. "తర్వాతది చెప్పండి" అంది.

సాయంత్రం గది తాళం వేస్తుంటే మా వియ్యంకుడుగారు పక్కన నిలబడి, నాతోనో తాళంతోనో తెలియకుండా అన్నారు: "పేరుకి నోరుంటుందండీ. ఎవరి కూతురు, ఎవరి భార్య, ఏ ఊరు, ఏమైంది, అడక్కపోయినా అన్నీ చెప్పేస్తుంది. నంబరుకి నోరుండదు. అదే దాని మర్యాద." ఎవరూ అడక్కుండా ఆయన నోట నేను విన్న పొడుగాటి మాట అదే అనుకుంటాను.

తర్వాత అమ్మాయే దగ్గరుండి గుండిగని గోల్ బజార్‌కి తీసుకెళ్లి, పాలిష్ పట్టేవాడి చేత పొట్ట మీద అక్షరాలన్నీ అరగదీయించింది. కొత్త పేరు ఏమీ వేయించలేదు. కంప్యూటర్‌లో ముప్పై ఏడుకి ఎదురుగా ఉన్న పేరు గడి ఖాళీగానే ఉండిపోయింది. అంతే. దాని రాకపోకలు, కళాయిలు, సొట్టలు, అన్నీ ముప్పై ఏడు కింద చెక్కుచెదరకుండా ఉన్నాయి. ఇన్నేళ్ల లెక్కలో ఒక్క వంట కూడా తప్పిపోలేదు.

ఆయన పేర్లకి శత్రువని మీలో కొందరు అనుకునే మాట కూడా తప్పే. ఒకసారి నయా రాయపూర్‌లో పెద్ద విందు జరిగితే కేటరింగ్‌వాళ్లు మన గంగాళం ఒకటి పొరపాటున తమ సామాన్లతో కట్టేసుకుపోయారు. అక్కడ సచివాలయంలో పనిచేసే తెలుగాయన ఒకరు పొట్ట మీద పేరు చదివి, చుట్టాలని పట్టుకుని, చుట్టాల ద్వారా నాకు ఫోన్ చేశారు. ఆ రోజు నేనే వియ్యంకుడుగారి ఇంటికి వెళ్లి, బెల్లు రెండుసార్లు కొట్టాను.

"నంబరు ఒక్కటే ఉంటే ఆయన ఎవరికి ఫోన్ చేసేవాడండీ? యాభై ఆరుగారున్నారా అని అడిగేవాడా?"

ఆయన నవ్వి, "ఒప్పుకున్నానండీ. పేరు చదువుకోవడానికి, నంబరు పట్టుకోవడానికి. రెండూ ఉండాల్సిందే. ఒకదాని పని ఇంకోదానికి ఇవ్వకూడదు, అంతే నేననేది" అన్నారు. అందుకే మీ తాతమ్మల పేర్లు ఇప్పటికీ మీ గుండిగల మీద ఉన్నాయి. వాటిని ఎవరూ ముట్టుకోలేదు.

ఆ మధ్యలో మా అబ్బాయి, పెళ్లి వద్దన్నది అందరితోనూ కాదని నాకు తెలియజేశాడు. సామాన్ల గదికి అంత తరచుగా సొట్టలు తీయడానికి వెళ్తున్నాడేమిటా అనుకుంటూనే ఉన్నాను. పెళ్లయింది. 'మేడమ్‌గారూ' పోయి 'అక్కయ్యగారూ' వచ్చింది. ఆడపిల్ల తండ్రి మగపిల్లవాడి తల్లి మాట కాదనకూడదని ఆయనకి ఎవరో చెప్పినట్టున్నారు. "అక్కయ్యగారూ, మీరు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజమండీ" అనేవారు. కళ్లజోడు తుడుచుకునేవారు. తర్వాత తను అనుకున్నదే చేసేవారు. ఇంత మర్యాదగా ఓడించబడటానికి అలవాటు పడ్డాక, మామూలు మనుషులతో వాదించడం నాకు చప్పగా ఉంటోంది.

పెళ్లయిన కొత్తలో నేనే కోడలితో అన్నాను: "ఆ గుండిగ మీద ఇప్పుడు మీ ఇద్దరి పేర్లూ చెక్కిద్దాం."

"వద్దత్తయ్యా."

"ఏం, మా ఇంటిపేరుకి ఏం తక్కువ?"

"తక్కువేం లేదు. అది అలా ఖాళీగా ఉంటేనే నాకు బాగుంటుంది."

నేను వియ్యంకుడుగారి వంక తిరిగాను. ఆడపిల్ల తండ్రిగా సర్దిచెబుతారని ఆశ. "పేరు గడి ఖాళీగా ఉండొచ్చండీ అక్కయ్యగారూ. నంబరు గడి ఖాళీగా ఉండకూడదు. నేను పట్టిక అలాగే కట్టాను" అన్నారు. కొన్నాళ్లు వాళ్లింటికి పచ్చళ్లు పంపడం మానేశాను. కొత్త పెళ్లికి కొత్త పాత్ర ఇవ్వాలి కదా, ఆచారం అని అడిగితే, అంచు లోపల ఇద్దరి పేర్లూ వేయించి మూత ఇచ్చారు. ముప్పై ఏడుకి అప్పటిదాకా మూత లేదు.

ఇంకో సంగతి. ఇరవై రెండో నంబరు గిన్నె ఎక్కడో పోయింది. కొత్తగా వచ్చినదానికి ఆ నంబరు ఇచ్చేద్దాం, వరుస అందంగా ఉంటుంది అన్నాను. "పోయినవారి నంబరు ఇంకొకరికి ఇవ్వకూడదండీ. పాతవారి లెక్కలన్నీ కొత్తవారి నెత్తిన పడతాయి" అన్నారు. సభ్యుల పట్టికకీ ఇదే నియమం. కనుక ఆయన వరుస తీసేసి ఆ నంబరు కొత్త సభ్యుడికి ఇద్దామని గ్రూపులో రాసిన పెద్దమనిషి దయచేసి ఆ ఆలోచన మానుకోవాలి. ఖాళీ ఉంటే ఉండనివ్వండి. కంప్యూటర్‌కి ఏమీ నొప్పి ఉండదు.

ఇప్పటి కార్యదర్శి చెడ్డవాడు కాదు. నయా రాయపూర్‌లో ఏదో ఆఫీసుకి యాప్‌లు రాసే కుర్రాడు, మన సమాజానికి ఉచితంగా రాసిపెడతానన్నాడు. మా వియ్యంకుడుగారు ఉండగానే ఒకసారి వచ్చి, మామూలు నంబర్లు పాతకాలం అనీ, అంకెలూ అక్షరాలూ కలిపి చాంతాడంత గుర్తుని కంప్యూటరే పుట్టిస్తుందనీ, ప్రపంచంలో ఇంకెక్కడా అలాంటిది రాదనీ చూపించాడు. ఆయన దాన్ని మొదటి నుంచి చివరి దాకా ఓపిగ్గా చదివి, "బాగుంది బాబూ. కానీ దీన్ని అంచు మీద కొట్టాలంటే ఇంకా పెద్ద గుండిగ కొనాలి" అన్నారు. పోనీ సభ్యులకి ఫోను నంబరే పెడదామంటే, "అది నంబరు వేషం వేసుకున్న పేరు బాబూ. ముందు సున్నా పెట్టి చూడు, అంకె అనుకుని కంప్యూటర్ ఆ సున్నాని మింగేస్తుంది. రెండు ఫోను నంబర్లు కూడితే ఏమొస్తుంది? మూడో ఇంటివాళ్లకి కోపం వస్తుంది" అన్నారు. కుర్రాడు నవ్వుతూనే వెళ్లాడు. చాంతాడు వదిలేశాడు కానీ, నంబర్లకి తిరిగి రాకుండా పేర్లకి వెళ్లాడు.

మొన్న కర్మలయ్యాక వాడు మా ఇంటికి వచ్చాడు, ఫోను చేతిలో పట్టుకుని.

"మామ్మగారూ, అన్నీ ఎక్కించీసినానండీ. ఒక్కటే తీసుకోట్లేదు. యాప్‌లో పేరే కీ కదా, పేరు ఖాళీగా ఉంటే ఎర్ర గీత పడిపోతంది."

"అయితే యాప్ మార్చు."

"ఒక్క గుండిగ కోసం యాప్ అంతా ఎలా మారుస్తామండీ? పోనీ ఏదో ఒక పేరు పెట్టీండి. మాస్టారి పేరే పెట్టీండి, ఇజ్జత్‌గా ఉంటది. లేదంటే కమిటీవాళ్లు తీసేద్దామంటన్నారు, ఫాల్తూ ఝంఝట్, ఈ తలనొప్పి ఎందుకని."

ఆయన పేరు అనేసరికి నేను కూడా మెత్తబడ్డానని చెప్పక తప్పదు. తండ్రి పేరే కదా, ఎవరికి అభ్యంతరం? వంటింట్లోంచి మా కోడలు వచ్చింది. చేతిలో కాఫీ గ్లాసు వాడికి ఇచ్చి, వాడి ఫోనులో ఆ ఎర్ర గీత చూసింది.

"తమ్ముడూ, ఒక పేరు తీయించడానికి మా నాన్న గదికంతా నంబర్లు వేశారు. ఇప్పుడు ఆయన పేరే దాని మీదకి ఎక్కిస్తే, రేపటి నుంచి ప్రతి భోజనంలోనూ మా నాన్నని కేకేసి పిలుస్తారు. పప్పు పొంగిందని, అడుగంటిందని. నేను వినలేను."

వాడు ఫోను జేబులో పెట్టుకున్నాడు.  ఇన్నేళ్లూ మజ్జిగ పోసే ముసలమ్మల గురించి నేను మురిసిపోయాను కానీ, వాళ్ల కూతుళ్లు ఆ కేకలు ఎలా వింటున్నారో నేనెవరినీ అడగలేదు.

వాడు కాఫీ తాగి, "ఆదివారం దాకా చూస్తానక్కా" అని వెళ్లాడు. చూడటానికి ఏమీ లేదు. నంబరు గడి ముందుకి, పేరు గడి పక్కకి. ఆయన అప్పుడు పగలంతా కూర్చుని కట్టింది అదే, బాబూ కార్యదర్శీ, నువ్వు కూడా కట్టగలవు.

ఇక పని. ఆదివారం సమాజం హాల్లో ఆయన పేర భోజనాలు. ఆయనకిష్టమైన గుమ్మడికాయ దప్పళం ముప్పై ఏడులో కాగాలి. కార్యదర్శీ, ఈ పని నువ్వే చెయ్యాలి. శనివారం పొద్దున్న శంకర్ నగర్‌లో మా ఇంటికి వచ్చి నా దగ్గర గది తాళంచెవి తీసుకో. ఒక్కడివే రాకు, అది ఒకరు ఎత్తేది కాదు. గదిలో బల్బు పోయింది, కొత్తది పట్టుకురా. ఎడమ గోడ వారగా ఉంటుంది, అంచు మీద అంకె చూసుకో. మూత వేరే చోట ఉంది, దాని నంబరు నూట నాలుగు, మరిచిపోయి వెనక్కి తిరక్కు. దొర్లించకుండా ట్రాలీ ఆటోలో వేయించు. లోపల కళాయి బాగానే ఉంది, బయట మాత్రం చింతపండుతో తోమించు. తోమాక చూస్తే ఇత్తడి అంతా ఒకే రంగులో ఉండదు, పొట్ట మీద రెండు అరచేతులు ఆనించినంత మేర మిగతాదానికన్నా నున్నగా, తెల్లగా మెరుస్తుంది. పొయ్యి మీదకి ఎక్కించేటప్పుడు, పేర్లు అరగదీసిన ఆ వైపు గోడకి తిప్పకు. జనం నడిచే వైపుకి పెట్టు.